ఒక కొత్త బెజ్జం

ఆ రాత్రి నన్ను నాలుగు గుడారాలకు పిలిచారు.
ఆరె, మైనం పూసిన దారం, గొడ్డుతోలు ముక్కలు,
వానకు ఆరిపోకుండా గొంగడి కింద దాచుకున్న లాంతరు.
యుద్ధానికి నా సామగ్రి అంతే.
ఏటి అవతల శత్రువుల నెగళ్ళు,
లెక్కపెట్టాలనిపించేంత దగ్గర.

నా పేరు విల్కిన్. కవచాల వార్లు బిగిస్తాను.
ప్రభువుల మాటలు నాకు సగమే అర్థమవుతాయి,
నడుములు మాత్రం పూర్తిగా.

ముందు థోర్న్‌మియర్ ముసలి ప్రభువు ఆస్బర్ట్.
పోయిన యుద్ధానికి నేనే వేసిన బెజ్జం దగ్గర
వారు ఇప్పుడు వదులై వేలాడుతోంది.
మూడు వేళ్ళ వెడల్పు మనిషి ఎటు పోయాడో!
చేతులు పైకెత్తి నిలబడే లెక్క చెప్పుకుంటున్నాడు:
రొట్టె నాలుగు రోజులకు, వాన ఎన్నాళ్ళో తెలీదు,
కాళ్ళకు చెప్పుల్లేని విలుకాళ్ళు రెండువందల పదిమంది.
"రేపు కొట్టుకునే బదులు ఎల్లుండి మాట్లాడుకుంటే
ఏం పోతుంది విల్కిన్?"
అడిగింది నన్ను కాదు. నేను తోలు వైపే చూశాను.

కుర్ర ఫుల్క్ అసలు ఒకచోట నిలబడడు.
తండ్రి కవచం అది, భుజాల దగ్గర ఇంకా తండ్రిదే.
లోపల దూది చొక్కా వేసుకోమంటే ఉక్కపోస్తుందన్నాడు.
గెలిచాక కోట వాకిట్లోకి ఏ గుర్రం మీద వెళ్ళాలి,
బూడిదరంగుదా, నల్లదా, అదొక్కటే అతని బెంగ.
ముసలాయన మాటెత్తితే నవ్వాడు:
"ఆయనకు చావంటే భయం లేదు, ఖర్చంటేనే."
ఆ నవ్వుకు పొట్ట ఎగిరింది, ఆరె మొన తప్పి
నా బొటనవేట్లో దిగింది.
తెల్లారడానికి ఎంతసేపని మూడుసార్లు అడిగాడు.
పెళ్ళికి ముందు రాత్రి మా తమ్ముడూ ఇంతే.

బిషప్ గెర్వేస్ తెర దించమన్నాడు.
పట్టు అంగీ కింద ఇనుప గొలుసుల చొక్కా.
"చప్పుడు రాకూడదు," అన్నాడు మెల్లిగా,
లోపలంతా కంబళి గుడ్డ పెట్టి కుట్టమన్నాడు.
ఇది ధర్మయుద్ధమని సాయంత్రమే కదా
బండెక్కి గంటసేపు చెప్పాడు!
ధర్మం వైపు బాణాలు రావనుకున్నాను.
కుట్టాను. నేను మోకాళ్ళ మీద, ఆయన నిటారుగా,
తెర మీద మా నీడలు చూసి
దీవెనలు అందుతున్నాయనుకున్నారు కాపలావాళ్ళు.

నాలుగో గుడారంలో మనిషి లేడు, కవచం ఉంది.
"కొలత నీకు తెలుసుగా" అని హామో దొర కబురు.
బయట గుర్రాలకు జీనులు వేసే ఉన్నాయి.
వాటి మొహాలు ఏటివైపు లేవు.

కూలి అడిగితే కుర్రాడన్నాడు, "గెలిచాక, బంగారంలో."
బిషప్, "పరలోకంలో."
అక్కడికక్కడే చేతిలో పెట్టింది ఇద్దరే:
హామో నౌకరు, ముసలి ఆస్బర్ట్.
ఒకే రాజు బొమ్మ, ఒకేలా అరిగిన అంచులు.
లాంతరు వెలుగులో తిప్పి తిప్పి చూశాను.
వెళ్ళిపోయేవాడి నాణెం ఏదో
ఉండిపోయేవాడి నాణెం ఏదో
తెలియలేదు.

తెల్లారింది.
నాలుగో గుడారం చోట గుంజల గుంతలు, వాటిలో నీళ్ళు.
ఎల్లుండి అన్న మనిషి అందరికంటే ముందు ఏట్లో దిగాడు,
గుర్రాన్ని వదిలేసి, చెప్పుల్లేనివాళ్ళ పక్కన.

మధ్యాహ్నానికి వార్లు నా దగ్గరికి తిరిగొచ్చాయి.
నా బెజ్జాలు చీకట్లోనైనా గుర్తుపడతాను.
ఆస్బర్ట్‌ది కొత్త బెజ్జం దగ్గరే ఉంది, చెక్కు చెదరకుండా.
ఫుల్క్‌ది విప్పలేకపోయాను, తోలు తడిసి బిగుసుకుంది.
కోయాల్సి వచ్చింది.
బూడిదరంగుదే ఎక్కినట్టున్నాడు.
నల్లది ఇంకా కట్టుకొయ్య దగ్గర గడ్డి నములుతోంది.

సాయంత్రం, పోయినవాళ్ళ కోసం ప్రార్థన.
గెలిచింది మేమేనని ఎవరో అన్నారు.
మిగిలినవాళ్ళం టోపీలు తీశాం.
బిషప్ మోకరిల్లాడు.
ఆ నిశ్శబ్దంలో, అంగీ కింద ఎక్కడో,
గొలుసు చిన్నగా గల్లుమంది.
ఎవరూ తలెత్తలేదు.

ఎడమ చంక కింది కుట్టు అది.
దారానికి మైనం చాల్లేదు.
రాత్రే అనుకున్నాను.